మూత పడని కళ్ళజోడు పెట్టె

నాకు చత్వారం వచ్చింది. ఇది నేను ఒప్పుకున్న మాట కాదు, కళ్ళ డాక్టరు ఇచ్చిన తీర్పు. ఆరు నెలలుగా పేపరు చేతులు చాచి చదువుతున్నాను. నా చేతులు ఇంకో జానెడు పొడుగ్గా ఉండి ఉంటే ఈ అవమానం ఇంకో రెండేళ్ళు వాయిదా పడేది. కళ్ళజోడుతో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చారు. దాని మూత టక్కుమని పడుతుంది, టిక్కుమని లేస్తుంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఒక మూత ఇంత తేలిగ్గా మూసుకోవడం అన్యాయం. నేను ఒక వేసవి మొత్తం ధారపోసి, రక్తం చిందించి, ఊరందరి చేత తుమ్మించి చేసిన పెట్టె మూత పాతికేళ్ళు దాటినా ఇప్పటికీ మూసుకోదు.

బీరువా పైన, పాత పెళ్ళి ఆల్బముల వెనక నుంచి ఆ పెట్టెను దింపాను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. నాలుగు మూలల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒక పక్కన పాము పాకినట్టు ఒక అతుకు గీత. మూత నొక్కాను. ఎడమ వైపు కూర్చుంది, కుడి వైపు లేచింది. కుడి వైపు నొక్కాను. ఎడమ వైపు లేచింది. దీని బుద్ధి మారలేదు.

అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. ఆ రెండు నెలలు మనిషికి ఏ పనీ ఉండదు, అందుకే అన్ని పనులూ చేస్తాడు. మా ఊరు ఆ రోజుల్లో పైనుంచి చూస్తే ఎర్ర దుప్పటి ఆరేసినట్టు ఉండేది. ప్రతి కల్లంలోనూ మిరపకాయలే. గాలి ఎటు వీచినా ఘాటే. మా ఊరి పిల్లలు ముందు తుమ్మడం నేర్చుకుని తర్వాత ఏడవడం నేర్చుకుంటారని బయటివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. కొత్తగా వచ్చిన కండక్టరు మా స్టాపులో బస్సు తలుపు తీయగానే ఏడు తుమ్ములు తుమ్మి, ఎనిమిదో దానికి టికెట్ల కట్ట వదిలేశాడు. మాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. పొద్దున్నే చద్దన్నంలో గడ్డపెరుగు, దాని మీద పండుమిరప పచ్చడి. అది తిని నోరు చల్లబడింది అనుకునే జాతి మాది.

ఆ ఎర్ర రాజ్యానికి మా నాయనమ్మ రాణి. కాయలు ఎండాక మంచి కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయల్ని ఏరేయాలి. ఆ ఏరడంలో మా నాయనమ్మను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు, అద్దంకి దాకా లేరు, ఆపైన నేను విచారించలేదు. ఆడవాళ్ళు వరసగా కూర్చుంటే మొదటి పీట ఆమెది. చేతులు కోడి ముక్కుల్లా ఆడేవి. ఒక్క తాలు మిగిలేది కాదు. తర్వాత కళ్ళకి శుక్లాలు వచ్చాయి, ఆపరేషన్ అయింది, సీసా అడుగంత మందమైన అద్దాలతో కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని ఆమె మళ్ళీ మొదటి పీట ఎక్కింది.

ఆ కళ్ళజోడు మీద నేను కూర్చున్నాను.

కావాలని కాదు. రేడియోలో క్రికెట్ వస్తోంది. ఆఖరి ఓవరు. మంచం మీద కూలబడ్డాను. కింద ఏదో చిటుక్కుమంది. లేచి చూస్తే నాయనమ్మ చూపు రెండు ముక్కలై ఉంది.

సాయంత్రం నాన్న ఆ ముక్కల్ని దీపం దగ్గర పెట్టి శవపరీక్ష చేశాడు.

"ఎట్టా విరిగిందమ్మా?"

"నేనే తొక్కుకున్నాలేరా," అంది నాయనమ్మ, గోడ వైపు చూస్తూ.

"కాలితో తొక్కితే అద్దం పగులుద్ది. ఇది నడుం దగ్గర విరిగింది. ఎవడో బరువైనోడు కూర్చున్నట్టుంది."

నేను గుక్క తిప్పుకోకుండా మజ్జిగ తాగుతున్నాను.

"నా కళ్ళజోడు, నా కాలు. నీకెందుకురా?" అంది ఆమె. "కొత్తది చేయించు."

"గుంటూరు నుంచి రావాలంటే పది పన్నెండు రోజులు. అది కూడా పోతే నావల్ల కాదు. కళ్ళు మూసుకుని కూర్చోవడమే."

మర్నాడు ఆమె కళ్ళజోడు లేకుండానే కల్లానికి వెళ్ళింది. నేను చూశాను. ఆమె ఏరి పక్కన వేసిన వాటిలో సగం మంచి కాయలు. మంచి కుప్పలో తాలుకాయలు. పక్క పీట మీది పక్కింటి పెద్దమ్మ చప్పుడు చేయకుండా ఆమె వెనక నుంచి వాటిని మళ్ళీ ఏరుతోంది. చప్పుడు కాలేదని పెద్దమ్మ అనుకుంది. నాయనమ్మ చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తనే పీట తీసుకెళ్ళి వరస చివర వేసుకుంది. నడుం నొప్పి, గోడకి ఆనుకోవాలి అంది. ఆ చివర గోడ లేదు.

ఆ రోజే నేను నిర్ణయించుకున్నాను. కొత్త కళ్ళజోడు వచ్చేసరికి దానికి ఒక పెట్టె చేయాలి. ఏనుగు కూర్చున్నా పగలని పెట్టె.

మా ఊరి బయట రోడ్డు పక్కన సామిల్లు ఉండేది. దాని మేస్త్రి మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన సాయిబు, మేము చౌదర్లం, అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మేస్త్రి మామే. మూడు తరాలుగా వాళ్ళది వడ్రంగమే. ఆ మిల్లులో ఒక బ్యాండ్‌సా ఉండేది. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, ఆ రెంటినీ చుట్టి రిబ్బనులాంటి పళ్ళ రంపం. ఒకప్పుడు ఎడ్లబండి చక్రాలకి వంపు చెక్కలు కోయడానికి పెట్టుకున్న మిషను. ట్రాక్టర్లు వచ్చాక దానికి పని తగ్గింది, పొగరు తగ్గలేదు. స్విచ్ వేస్తే ముందు మూలిగేది, తర్వాత గర్జించేది, ఆ గర్జనకి ఎదురు ఇంట్లో గిన్నెలు చూరు కింద నుంచి తమంతట తామే నడిచి వచ్చేవి.

మేస్త్రి మామ రోజూ స్విచ్ వేసేముందు రెండు చేతులు ఎత్తి చూపించేవాడు.

"లెక్కపెట్టు."

"పది, మామా."

"ముప్పై ఏళ్ళ నుంచీ పదే. నా మాట వింటే నీకూ పదే ఉంటాయి. విననోడికి తొమ్మిదిన్నర."

పెట్టె సంగతి చెప్పాను. ఆయన ముక్కు ఎగబీల్చాడు. "చెక్క నువ్వే తెచ్చుకో. నీ ప్రయోగాలకి నా టేకు ఇవ్వను."

అక్కడితో నా కష్టాలు మొదలయ్యాయి. ముందు వేప కొమ్మ తెచ్చాను. పచ్చిది, కోస్తుంటేనే వంకర పోయింది. తర్వాత తుమ్మ మొద్దు తెచ్చాను. అది రంపాన్ని చూసి నవ్వింది. రంపానికి పొగ వచ్చింది, మేస్త్రి మామకి అంతకన్నా ఎక్కువ వచ్చింది. మూడు రోజులు పోయాయి. నాలుగో రోజు మా ఊరి కారం మిల్లు వెనక, తుప్పల్లో, నా కళ్ళకి ఒక దిమ్మ కనపడింది. పైన మట్టి, కింద చెద. గోరుతో గీకితే లోపల ఎర్రగా మెరిసింది.

ఎర్రచందనం.

దొంగలా అటూ ఇటూ చూశాను. ఇంత విలువైన వస్తువు ఈ తుప్పల్లో ఎందుకు పడి ఉందో ఆలోచించే తెలివి నాకుంటే ఇంత కథ ఉండేదే కాదు. దాన్ని గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనక కట్టి, పోలీసులు వెంటపడుతున్నట్టు సందుల్లోంచి తీసుకెళ్ళాను.

"ఎర్రచందనం మామా," అన్నాను గుసగుసగా.

ఆయన తట్టి చూశాడు. "చందనం కాదు, నీ మొహం కాదు. ఏదో పాత చెక్క. కానీ బాగా ఎండింది. పనికొస్తుంది."

వాసన చూడమన్నాను. "నా ముక్కు పోయి ఇరవై ఏళ్ళయిందిరా. ఈ రంపప్పొట్టు తినేసింది," అన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. పెట్టె అంటే లోపల ఖాళీ ఉండాలి. రంపమేమో చుట్టూ తిరిగే రిబ్బను. అది చెక్క మధ్యలోకి ఎట్లా దూరుతుంది? రెండు రోజులు ఆ దిమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని ఆలోచించాను. మేస్త్రి మామ చెప్పడు. "బుర్ర ఉందిగా, వాడు," అంటాడు. నేను చివరికి ఒక మహత్తర ఉపాయం కనిపెట్టాను.

"మామా, చెక్కకి బెజ్జం పెట్టి, రంపాన్ని తెంపి, ఆ బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ అతికిద్దాం."

ఆయన బీడీ కిందపడింది. "రంపాన్ని తెంపుతావా? ఒరేయ్, తెంపాల్సింది చెక్కని. లోపలికి పోవాలంటే ముందు పక్కనుంచి కోసుకుంటూ పో. మధ్య ముక్క తీసెయ్. పోయిన దారిని జిగురేసి మూసెయ్. పైనొక పలక మూతకి, కిందొక పలక అడుక్కి. అయిపాయె."

రెండు రోజుల ఆలోచన రెండు వాక్యాల్లో తేలిపోవడం కన్నా మనిషికి చిరాకు తెప్పించేది ఇంకొకటి లేదు.

కోత మొదలైంది. చెక్కని రెండు చేతులతో నెడుతున్నాను, వెనక నిలబడి మేస్త్రి మామ నా మోచేతులు పట్టుకున్నాడు. "గీత మీద పోనీ. గీత మీద. అది గీతా, మన ఊరి డొంకా?" అని చెవిలో అరుస్తున్నాడు. ఎర్రటి పొట్టు లేచింది. ముందు నేను తుమ్మాను. తర్వాత ఆయన తుమ్మాడు. తలుపులు కొనడానికి వచ్చిన పెద్దమనిషి తుమ్మి తుమ్మి పంచె బిగించుకున్నాడు. రోడ్డు మీద వెళ్తున్న గేదెలు తుమ్మాయి. కళ్ళు మండుతున్నాయి, ముక్కులు కారుతున్నాయి.

"పక్క కల్లంలో కాయలు తిరగేస్తున్నట్టున్నారు," అన్నాడు మేస్త్రి మామ.

"అవును, తూర్పుగాలి," అన్నాడు పెద్దమనిషి.

మా ఊళ్ళో ఎవరైనా తుమ్మితే అనే మాటే అది. ఇంకే ఊళ్ళో అయినా చెక్కని అనుమానించి ఉండేవాళ్ళు. మేము గాలిని తిట్టుకుని పని సాగించాం.

సరిగ్గా రంపం చెక్క నడిమధ్యలో ఉండగా కరెంటు పోయింది. ఆ రోజుల్లో త్రీ ఫేజు కరెంటు కొత్త అల్లుడిలాంటిది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు అలుగుతుందో తెలియదు. రంపం చెక్కలో ఇరుక్కుంది. నేను లాగాను. "వదిలెయ్, లాగితే తెగుద్ది," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా నా పెట్టె ఆ మిషను నోట్లోనే ఉంది. నేను దాని ఎదురుగా ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాను. కరెంటు వచ్చేసరికి చెక్క కొంచెం కదిలింది. అందుకే ఆ పాము గీత.

జిగురేశాను. పాత సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టాను. ఒక పక్క అతుక్కుంది. రెండో పక్క నా వేళ్ళు అతుక్కున్నాయి. మూతకి మడతబందులు దొరక్క నాన్న పాత చెప్పు తోలు కోసి మేకులు కొట్టాను. మూడు మేకుల్లో ఒకటి చెక్కలోకి, రెండు నా బొటనవేల్లోకి. మూత ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది, ఎంత నొక్కినా మూసుకోదు. మేస్త్రి మామ ఎత్తి చూసి, "నేను చేసిన మొదటి పెట్టె ఇంతకన్నా బాగుంది," అన్నాడు. ఓదార్పు అనుకుని దండం పెట్టాను. ఇంటికొచ్చాక అర్థమైంది.

కొత్త కళ్ళజోడు వచ్చింది. అసలు దెబ్బ అప్పుడు తగిలింది. పాతది విరిగిపోయింది కాబట్టి నేను కొలతలు నాన్న కళ్ళజోడుతో తీసుకున్నాను. నాయనమ్మది దానికి రెండింతలు. పెట్టెలో పట్టలేదు. పిల్లల ఊయలలో తాతని పడుకోబెట్టినట్టు కాళ్ళు బయటికొచ్చాయి. ఇక ఆ మధ్యాహ్నమంతా కూర్చుని లోపలి గోడల్ని చాకుతో గీకాను, గరుకు కాగితంతో రుద్దాను. ఎర్రటి పొడి రాలింది. ముక్కు కారింది. తూర్పుగాలిని తిట్టుకున్నాను. చివరికి కళ్ళజోడు పట్టింది.

"నాయనమ్మా, నీకే."

ఆమె పెట్టెను నాలుగు వైపులా తడిమింది. పాము గీత మీద వేలు ఆపింది. కళ్ళజోడు తీసి అందులో పెట్టి మూత వేసింది. మూత లేచింది. ఆమె దాని మీద విసనకర్ర పెట్టింది.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని కల్లంలో మొదటి పీట మీద కూర్చుంది. పది నిమిషాల్లో ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారలు కట్టాయి.

పెద్దమ్మ చూసింది. "ఏందత్తా, ఏడుస్తున్నావ్?"

"ఏడుపు కాదు లేవే. కారం."

"అరవై ఏళ్ళ నుంచి లేని కారం ఇవాళ పుట్టిందా? కోడలేమన్నా అందా?"

నాయనమ్మ జవాబు చెప్పలేదు. మా ఊళ్ళో జవాబు చెప్పకపోవడమంటే ఔనని ప్రమాణం చేసినట్టు. సాయంత్రానికి మా అమ్మ అత్తని రాచిరంపాన పెడుతోందన్న వార్త ఊరు దాటి పక్క ఊరి టెలిఫోను బూత్ దాకా వెళ్ళింది. మా అమ్మ పుట్టింటి నుంచి కూడా ఫోనొచ్చింది.

"నేనేమన్నానండీ ఆవిణ్ణి? మీరన్నా అడగండి," అని అమ్మ నాన్న మీద విరుచుకుపడింది.

నాన్న నాయనమ్మని గుంటూరు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, రెండు రోజులు అక్కడే ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఆ మూత పడని పెట్టెను బస్సులో పట్టుకెళ్ళడం నామోషీ అని, కళ్ళజోడు కడిగించి తన జేబులో పెట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. డాక్టరు అంతా బాగుందన్నాడు. ఇంటికొచ్చి కళ్ళజోడు మళ్ళీ పెట్టెలో చేరింది. తెల్లారి మళ్ళీ ధారలు.

"బయట బాగానే ఉంటుంది. ఇంటికొస్తేనే ఏడుస్తోంది," అన్నాడు నాన్న తల వంచుకుని. అంతే, అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఒకేసారి కింద పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాయనమ్మకి రాజభోగం. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గుత్తొంకాయ, సాయంత్రం సున్నుండలు. అమ్మ వడ్డిస్తూ, "చాలా అత్తయ్యా? ఇంకొకటి వెయ్యనా? ఏమన్నా తక్కువైతే చెప్పండి, ఊళ్ళో వాళ్ళకి చెప్పకుండా నాకు చెప్పండి," అనేది. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఇంకొకటి వేయించుకునేది.

నాలుగో రోజు పెట్టె మూత సరిచేద్దామని కూర్చున్నాను. లోపల వేలు పెట్టి దులిపాను. అదే వేలితో కన్ను నలుపుకున్నాను.

నేను ఆ రోజు వేసిన గంతులు మా పెరట్లో బావి గట్టు చూసింది, మూడు కోళ్ళు చూశాయి. ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించుకున్నాక నా బుర్రలో అన్నీ వరసగా వెలిగాయి. కారం మిల్లు. దాని వెనక దిమ్మ. అది మిరపకాయలు దంచే రోకళ్ళ కింద ఏళ్ళ తరబడి ఉన్న దిమ్మ. అందులోకి ఇంకింది చందనం కాదు. మా మండలం మొత్తం తిన్న కారం.

ఒంటి కన్నుతో నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె సున్నుండ తింటోంది.

"నాయనమ్మా, తప్పైపోయింది. ఆ పెట్టె..."

"నాకు తెలుసులేరా."

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"నువ్వు నా చేతిలో పెట్టినప్పటి నుంచి. కారం వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసుద్ది?"

"మరి కళ్ళు మండుతుంటే ఎందుకు పెట్టుకున్నావ్? చెప్పొచ్చుగా?"

"చెప్తే మీ నాన్న దాన్ని పొయ్యిలో పెడతాడు. నిన్నెక్కడ పెడతాడో తెలియదు." చేతికి అంటిన పొడి నాకింది. "పొద్దున్నే కళ్ళజోడు పంపు కింద కడుక్కుందామనే అనుకున్నా. ఇంతలో మీ అమ్మ పెసరట్లు మొదలుపెట్టింది."

"అమ్మని ఊరంతా ఆడిపోసుకుంటున్నారు నాయనమ్మా."

ఆమె ముఖం కొంచెం మారింది. సున్నుండ సగం నా చేతిలో పెట్టింది. "రేపు నేనే చెప్తాలే, కళ్ళు నయమైపోయాయని. ఈ ఒక్కరోజు ఆగు. రాత్రికి బొబ్బట్లంట."

అన్న మాట ప్రకారం చెప్పింది. కల్లంలో అందరి ముందు, "నా కోడలు చేసిన సేవకి నా కళ్ళు బాగుపడ్డాయి," అంది. అమ్మ నమ్మలేదు, కానీ కొంగు సర్దుకుంది. నిజం మాత్రం దాగలేదు. మేస్త్రి మామ కారం మిల్లుకి తలుపు బిగించడానికి వెళ్ళి, వాళ్ళ పాత దిమ్మ ఎవరో ఎత్తుకుపోయారని విని, మా ఇంటి దాకా నవ్వుకుంటూ వచ్చాడు. నాన్న పెట్టె కోసం లేచాడు. నాయనమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

లోపల పాత రవిక గుడ్డ పరిచింది. గుడ్డ పరిచేసరికి కళ్ళజోడు పట్టలేదు. నేను మళ్ళీ గీకుతానన్నాను. ఇంటిల్లిపాదీ ఒక్కసారి వద్దన్నారు. చివరికి ఆమె కళ్ళజోడుని పెట్టె మీద పెట్టడం మొదలుపెట్టింది. మంచం మీద పెట్టె, పెట్టె మీద కళ్ళజోడు. లోపల ఏమీ లేదు. ఇన్ని రోజులు, ఇన్ని తుమ్ములు, నా బొటనవేలు, అన్నీ కలిసి ఒక పీట అయ్యాయి. నాకు ఎంత ఉక్రోషమో చెప్పలేను. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ పెట్టె దరిదాపుల్లో మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. నేను సరే, మా నాన్న సరే, పేరంటానికి వచ్చినవాళ్ళు కూడా ముందు మంచం మీద చూసుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దూరంగా చాప వేయించుకునేవాళ్ళు. ఆ కళ్ళజోడు ఆమె ఉన్నంత కాలం విరగలేదు. ఆమె ఉన్నంత కాలం మొదటి పీట ఆమెదే.

ఆ సామిల్లు ఇప్పుడు లేదు. అక్కడ టైల్స్ కొట్టు పెట్టారు. కాయలు కూడా కల్లాల్లో ఎక్కువ రోజులు ఉండటం లేదు, కోల్డ్ స్టోరేజీలకి పోతున్నాయి. మొన్న మా ఊళ్ళో బస్సు దిగితే నాకు ఒక్క తుమ్ము రాలేదు.

పెట్టెను సోఫా మీద పెట్టుకుని ముక్కు లోపలికి దూర్చి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. గోరుతో గీకాను. వేలితో కన్ను నలుపుకున్నాను, ఈసారి కావాలనే. మండలేదు. రెండో కన్ను కూడా నలిపి చూశాను. అంత కష్టపడి చేసిన పెట్టెలో సరిగ్గా కుదిరింది ఆ కారం ఒక్కటే, అది కూడా పోయింది.

విసుగు పుట్టి కొత్త కళ్ళజోడు మడిచి పెట్టె మీద పెట్టాను. మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చోబోయి, సగం వంగి ఆగింది.

"ఇదేనా ఆ పెట్టె?"

"ఇదే."

ఆవిడ నెమ్మదిగా లేచి, గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చుంది.

కారం పోయిందని నేను చెప్పలేదు.